వణికిన చేయి

పాఠ్యభాగ ప్రవేశిక

వార్తలు చెప్పేవారు తామే వార్తగా మారడం అరుదు. అటువంటి అరుదైన సందర్భాన్ని తన జీవితంలో ఎదుర్కొన్న పాత్రికేయుడు రోరీ కెల్లన్ జోన్స్. బ్రిటన్ ప్రసార సంస్థ బి.బి.సి.లో దీర్ఘకాలం వ్యాపార, ఆర్థిక వార్తలను, ఆ తరువాత సాంకేతిక విశేషాలను అందించిన ఆయన 2019లో పార్కిన్సన్స్ వ్యాధికి లోనయ్యారు. వ్యాధిని దాచుకోక బహిరంగపరచి, సాటి రోగుల పక్షాన గొంతు విప్పిన తీరును ఈ పాఠం వివరిస్తుంది. వ్యాధి స్వరూపం, దాని చరిత్ర, ఔషధం వెనుక ఉన్న కథ కూడా ఇందులో ప్రస్తావనకు వస్తాయి.

పాఠ్యభాగం

పత్రికా రచనలో ఆర్థిక విభాగానికి ఒక ప్రత్యేకత ఉంది. రాజకీయ వార్తను చదవడానికి పాఠకుడికి ఆసక్తి ఉంటే చాలు. క్రీడావార్తకు అభిమానం చాలు. ఆర్థిక వార్తను మాత్రం ఎవరో ఒకరు విప్పి చెప్పాలి. ద్రవ్యోల్బణం, మారకపు రేటు, వాటాల విలువ వంటి మాటలు నిత్యం వినబడుతున్నా, అవి తన వంటింటి ఖర్చును ఎట్లా శాసిస్తున్నాయో సామాన్యుడికి తెలియదు. ఆ లంకెను చూపించగలిగినవాడే మంచి ఆర్థిక పాత్రికేయుడు. అంకెలకు భయపడకూడదు, అంకెలను చూపి ఎదుటివారిని భయపెట్టకూడదు. తనకు అర్థం కాని విషయాన్ని అర్థమైనట్లు నటించకుండా మళ్ళీ అడగగలగాలి. ఈ చివరి గుణం చాలామందిలో కొరవడుతుంది. రోరీ కెల్లన్ జోన్స్‌లో అది పుష్కలంగా ఉండేదని ఆయన వార్తా కథనాలను చూసినవారికి తెలుసు.

ఆయన 1958లో లండన్‌లో జన్మించారు. తల్లి సిల్వియా బి.బి.సి.లో ఉద్యోగిని. తండ్రి జేమ్స్ కెల్లన్ జోన్స్ ప్రసిద్ధ టెలివిజన్ దర్శకుడు. తల్లిదండ్రులకు వివాహం కాలేదు. దక్షిణ లండన్‌లోని ఒక చిన్న ఫ్లాటులో తల్లి దగ్గరే రోరీ పెరిగారు. తండ్రిని ముఖాముఖి కలుసుకున్నది యౌవనంలో ప్రవేశించిన తరువాతనే. తల్లి మరణానంతరం ఆమె భద్రపరచిన ఉత్తరాల కట్టలు ఆయనకు దొరికాయి. వాటి ఆధారంగా రాసిన 'రస్కిన్ పార్క్' అనే గ్రంథం 2023లో వెలువడింది. అప్పటికే ఆయనకు వ్యాధి సోకి నాలుగేళ్ళయింది.

కేంబ్రిడ్జిలో భాషలు చదువుకొని, 1981లో లీడ్స్ నగరంలోని బి.బి.సి. కార్యాలయంలో పరిశోధక సహాయకుడుగా ఆయన అడుగుపెట్టారు. క్రమంగా వార్తాహరుడై వ్యాపార విభాగానికి మారారు. 1992 సెప్టెంబరు 16 బ్రిటన్ ఆర్థిక చరిత్రలో మరపురాని బుధవారం. ఆ ఉదయం పౌండు విలువ పడిపోకుండా ఆపడానికి ప్రభుత్వం వడ్డీ రేటును 10 శాతం నుండి 12 శాతానికి పెంచింది. కొన్ని గంటలు గడిచేసరికి మరునాటి నుండి 15 శాతం అన్నది. చీకటి పడేసరికి చేతులెత్తేసి, ఐరోపా మారక వ్యవస్థ నుండి పౌండును ఉపసంహరించుకొన్నది. అప్పు తీసుకొని ఇల్లు కొనుక్కున్న ప్రతి కుటుంబానికీ ఆ ఒక్క రోజులో గుండె రెండు మూడుసార్లు జారింది. పత్రికాధిపతి రాబర్ట్ మాక్స్‌వెల్ 1991లో మరణించాక, ఉద్యోగుల పింఛను నిధి నుండి కోట్ల పౌండ్లు మాయమైనట్లు బయటపడిన వ్యవహారం ఆ కాలపు మరొక సంచలనం. ఇటువంటి వార్తలను ప్రజలకు విడమరచి చెప్పిన తరానికి చెందినవాడు రోరీ.

1990ల చివర అంతర్జాల సంస్థల వెర్రి ప్రపంచాన్ని ఊపేసింది. లాభం అటుంచి సరైన ఆదాయమైనా లేని సంస్థల వాటాలను జనం ఎగబడి కొన్నారు. 2000లో ఆ బుడగ పగిలింది. ఆ దెబ్బ లండన్‌కూ న్యూయార్క్‌కూ పరిమితం కాలేదు. అమెరికాలో సాఫ్ట్‌వేర్ కొలువుల్లో చేరిన తెలుగు యువకులు ఎందరో 2001 నాటికి ఉద్యోగాలు పోగొట్టుకొని పెట్టెలు సర్దుకొన్నారు. ఆ రోజులు మన ఇళ్ళలో కూడా పెద్దవాళ్ళకు గుర్తే. బ్రిటన్‌లో ఈ ఉత్థాన పతనాలను గూర్చి 'డాట్ బాంబ్' అనే పుస్తకాన్ని రోరీ 2001లో ప్రచురించారు.

2007 జనవరిలో ఆయన సాంకేతిక విభాగపు ప్రతినిధి అయ్యారు. అదే నెలలో అమెరికాలో ఐఫోన్ ఆవిష్కరణ జరిగింది. ఆ పరికరాన్ని చేతబట్టి కెమెరా ముందు చూపినందుకు, ఏదో పవిత్ర వస్తువును తాకినట్లు తాకుతున్నారని ఆయన మీద విమర్శ వచ్చింది. ఆ విమర్శను ఆయనే తరువాత నవ్వుతూ చెప్పుకొనేవారు. 2011లో, పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడానికి ఉద్దేశించిన చౌకయైన చిన్న కంప్యూటరు నమూనాను చిత్రీకరించి అంతర్జాలంలో ఉంచారు. లక్షలమంది దానిని చూశారు. అంతవరకు ఒక ఆలోచనగా ఉన్న రాస్ప్‌బెర్రీ పై అనే ఆ కంప్యూటరును నిజంగా తయారు చేసి తీరవలసిన ఒత్తిడి దాని రూపకర్తల మీద పడింది. మరుసటి ఏడాది అది మార్కెట్టులోకి వచ్చింది. ఒక వార్త ఒక వస్తువు పుట్టుకకు దోహదం చేసిన ఉదాహరణలు ఎన్నో లేవు.

ఇక వ్యాధి సంగతి. నడకలో కాలు ఈడ్చుకుపోతున్నట్లు ఆయన గమనించారు. పరీక్షలు జరిగాయి. 2019లో పార్కిన్సన్స్ వ్యాధి అని వైద్యులు నిర్ధారించారు. అప్పటికి ఆయన వయస్సు 61 సంవత్సరాలు.

ఈ వ్యాధి గురించి మన సమాజంలో ఉన్న అవగాహన చాలా తక్కువ. వాడుకలో దీనిని వణుకు రోగం అంటారు. ఆయుర్వేదంలో కంపవాతం అనే మాట ఉంది. పేరు వల్ల వణకడమే వ్యాధి అనే భ్రమ ఏర్పడింది. నిజానికి వణుకు లేని రోగులు కూడా ఉన్నారు. చలనం మందగించడం, కండరాలు బిగుసుకుపోవడం, నడకలో చేయి ఊగకపోవడం, చేతిరాత చిన్నదైపోవడం, గొంతు సన్నగిల్లడం, ముఖంలో భావం తగ్గిపోవడం దీని ఇతర లక్షణాలు. వీటికి ఎన్నో ఏళ్ళ ముందే వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో కలవరించి చేతులు విసరడం వంటివి మొదలు కావచ్చు. వీటిని ఎవరూ వ్యాధితో ముడిపెట్టి చూడరు. 'వయసు మీద పడింది' అనే ఒక్క మాటతో ఇంటిల్లిపాదీ సమాధానపడతారు.

మెదడు అడుగుభాగాన నల్లని వర్ణంలో ఉండే చిన్న ప్రదేశం ఒకటి ఉంది. అక్కడి కణాలు డోపమైన్ అనే రసాయనాన్ని ఉత్పత్తి చేస్తాయి. శరీర చలనాలు సాఫీగా సాగడానికి ఆ రసాయనం అవసరం. పార్కిన్సన్స్ వ్యాధిలో ఆ కణాలు క్రమంగా నశిస్తాయి. లక్షణాలు పైకి కనిపించేనాటికి దాదాపు సగం కణాలు పోయి ఉంటాయని శాస్త్రజ్ఞులు చెబుతారు. అవి ఎందుకు నశిస్తాయన్న ప్రశ్నకు పూర్తి సమాధానం లభించలేదు. కొందరిలో జన్యుకారణాలు, కొందరిలో పురుగుమందుల వంటి విషపదార్థాల ప్రభావం ఉన్నట్లు పరిశోధనలు సూచిస్తున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో ఈ వ్యాధిగ్రస్తులు ప్రపంచమంతటా 85 లక్షలకు పైబడి ఉన్నారు.

వ్యాధికి తన పేరును ఇచ్చిన జేమ్స్ పార్కిన్సన్ కూడా లండన్‌వాసియే. 1755 ఏప్రిల్ 11న జన్మించాడు. ఆయన వైద్యుడు మాత్రమే కాదు. పేదల పక్షాన మారుపేరుతో రాజకీయ కరపత్రాలు రాసి ప్రభుత్వాగ్రహానికి గురైనవాడు. శిలాజాల మీద గ్రంథాలు రచించినవాడు. 1817లో కంపవాతం మీద ఒక చిన్న వ్యాసాన్ని ప్రకటించాడు. అందులో వర్ణించిన రోగులు ఆరుగురే. వారిలో కొందరు ఆయన వైద్యం చేసినవారు కారు. వీధిలో నడుస్తూ కనిపించినవారు. ఒకరినైతే దూరం నుండి చూశాడంతే. వీధిలో మనిషి నడకను చూసి ఒక వ్యాధిని గుర్తుపట్టడానికి వైద్య పరిజ్ఞానంతో పాటు విలేఖరికి ఉండవలసిన కన్ను కూడా కావాలి. ఆ తరువాత అర్ధశతాబ్దానికి ఫ్రెంచి వైద్యుడు షార్కో ఆ వ్యాధికి పార్కిన్సన్ పేరు పెట్టాడు. ఆయన జన్మదినమైన ఏప్రిల్ 11ను ప్రపంచ పార్కిన్సన్స్ దినంగా పాటిస్తున్నారు.

ఔషధం కథలో మనకు సంబంధించిన ఘట్టం ఒకటి ఉంది. మన పొలాల గట్ల మీద, కంచెల మీద అల్లుకొనే దూలగొండి తీగ తెలియని పల్లెవాసి ఉండడు. దాని కాయల నూగు ఒంటికి తగిలితే భరించలేని దురద పుడుతుంది. బడిపిల్లలు దానితో చేసే ఆకతాయితనానికి అంతులేదు. ఆ దూలగొండి గింజలలో లెవోడోపా అనే పదార్థం ఉన్నదని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు వేరుపరచి చూపారు. అప్పటికి అది దేనికి పనికివస్తుందో ఎవరికీ తెలియదు. 1957లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్ మెదడులో డోపమైన్ పాత్రను వెల్లడించాడు. అందుకు 2000లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. 1967లో అమెరికాలో జార్జ్ కోట్జియాస్ అనే వైద్యుడు లెవోడోపాను హెచ్చు మోతాదులో ఇచ్చి, కదలలేని రోగులు లేచి నడవడాన్ని లోకానికి చూపాడు.

డోపమైన్‌నే నేరుగా ఇస్తే రక్తం నుండి మెదడులోకి చేరలేదు. లెవోడోపా చేరగలదు. చేరి అక్కడ డోపమైన్‌గా మారుతుంది. ఈ మందు వ్యాధిని నయం చేయదు, ఆపదు. లోటును కొన్ని గంటలపాటు పూడుస్తుంది. అందుచేత వేళ తప్పకుండా వేసుకోవాలి. ఏళ్ళు గడిచేకొద్దీ దాని ప్రభావం నిలిచే సమయం తగ్గుతుంది. పప్పు, గుడ్డు, మాంసం వంటి మాంసకృత్తుల భోజనంతో కలిపి తీసుకొంటే కొందరిలో మందు సరిగా పనిచేయదు. ఆసుపత్రిలో వేరే జబ్బుతో చేరిన పార్కిన్సన్స్ రోగికి, వార్డులో మందులిచ్చే వేళకు తప్ప మందు ఇవ్వకపోతే, నడిచి వచ్చిన మనిషి మంచానికి అతుక్కుపోవచ్చు. ఇది నిర్లక్ష్యం కన్నా అజ్ఞానం వల్ల జరిగే అపకారం. వేళకు మందు అందించాలన్న ఉద్యమం బ్రిటన్‌లో 2006 నుండి నడుస్తున్నది.

మళ్ళీ రోరీ విషయానికి వద్దాం. 2019 మే 30న బ్రిటన్‌లో 5జి సేవలు ప్రారంభమయ్యాయి. ఆ సాంకేతికతను ఉపయోగించి లండన్‌లోని కోవెంట్ గార్డెన్ నుండి ఆయన ప్రత్యక్ష ప్రసారంలో మాట్లాడారు. సిమ్ కార్డులోని డేటా అయిపోవడంతో ప్రసారం కొంచెం ఆలస్యమైంది. కొత్త సాంకేతికతలు తొలినాడే ఇట్లా చమత్కారాలు చేస్తుంటాయి. కాని ఆ రోజు ప్రేక్షకులలో కొందరు గమనించింది వేరొకటి. మాట్లాడుతున్న విలేఖరి చేయి వణుకుతున్నది. కొందరు ఆ మాట ఆయనకు తెలియజేశారు.

ఆయన ముందు రెండు మార్గాలున్నాయి. ఉదయపు చలి అనో, అలసట అనో చెప్పి తప్పించుకోవచ్చు. ఇకమీదట ఆ చేతిని జేబులో దాచుకొని కెమెరా ముందు నిలబడవచ్చు. ఎందరో రోగులు చేసే పని అదే. ఆయన అట్లా చేయలేదు. చేయి వణకడాన్ని కొందరు గమనించారు కనుక చెప్పడానికి ఇదే తగిన సమయమనీ, తనకు పార్కిన్సన్స్ ఉన్నట్లు ఇటీవలనే తేలిందనీ, మంచి చికిత్స అందుతున్నదనీ, ఎప్పటిలాగే పనిచేస్తాననీ సామాజిక మాధ్యమంలో కొద్ది వాక్యాలలో ప్రకటించారు. ఆ వాక్యాలలో విషాదం లేదు, వీరత్వ ప్రదర్శన కూడా లేదు. వ్యాపార వార్తను చెప్పినంత సూటిగా తన వ్యాధి వార్తను ఆయన చెప్పారు.

దాచుకొనేవారిని తప్పుపట్టడం సులభం. కాని వారి భయానికి కారణాలున్నాయి. అమెరికా పాత్రికేయుడు మైకేల్ కిన్‌స్లీకి 1993లో ఇదే వ్యాధి ఉన్నట్లు తెలిసింది. అప్పటికి ఆయన వయస్సు 42 ఏళ్ళు. ఎనిమిదేళ్ళపాటు దాచి ఉంచి 2001లో బయటపెట్టారు. ఈ మధ్యకాలంలోనే ఆయన అంతర్జాల పత్రికను స్థాపించి సంపాదకత్వం వహించారు. వ్యాధి సంగతి ముందే తెలిసి ఉంటే ఆ అవకాశం లభించేదా అన్నది అనుమానమే. నటుడు మైకేల్ జె. ఫాక్స్ కూడా 1991లో వ్యాధి బయటపడినా 1998 దాకా వెల్లడించలేదు. తరువాత 2000లో పరిశోధనకై ఒక సంస్థను నెలకొల్పారు. 1996లో అట్లాంటా ఒలింపిక్ జ్యోతిని వణికే చేతులతో వెలిగించిన మహమ్మద్ అలీని చూసి లోకం కంటతడి పెట్టింది. కంటతడి వేరు, కొలువు ఇవ్వడం వేరు. వ్యాధిని బయటపెట్టే ధైర్యం వ్యక్తికి ఉంటే సరిపోదు. బయటపెట్టిన తరువాత కూడా అతనిని పనిలో ఉంచుకొనే సంస్థ, అతని మాటను ఓపికగా వినే శ్రోత ఉండాలి. రోరీ ఆ తరువాత కూడా రెండేళ్ళకు పైగా తెర మీద కొనసాగారు. 2021 అక్టోబరులో, నలభై ఏళ్ళ సేవ అనంతరం బి.బి.సి. నుండి వైదొలగారు.

ఇక్కడ ఒక ప్రశ్న తలెత్తుతుంది. పాత్రికేయుడు ఏ పక్షమూ వహించకూడదంటారు. మరి తన వ్యాధి విషయంలో ఉద్యమకారుడు కావచ్చునా? పక్షం వహించడం వేరు, వాస్తవాన్ని వంచడం వేరు. ప్రయోగశాలలకు వెళ్ళి శాస్త్రజ్ఞులను ప్రశ్నించినప్పుడు రోరీ రోగిగా ఆశపడ్డారు, విలేఖరిగా సందేహించారు. డాట్‌కామ్ బుడగను దగ్గర నుండి చూసినవాడికి, 'అద్భుత ఔషధం వచ్చేసింది' అనే ప్రకటనల విలువ ఎంతో బాగా తెలుసు. వైద్యరంగంలో సాంకేతికత గురించి రాసిన లేఖలలో ఆయన ఈ సందేహాన్ని ఎన్నడూ విడిచిపెట్టలేదు. రోగి ఆశకూ విలేఖరి సందేహానికీ మధ్య ఆయన నిలిచిన ఆ చోటు అన్నిటికన్నా విలువైనదని నాకు తోస్తుంది.

2023 మార్చిలో 'మూవర్స్ అండ్ షేకర్స్' అనే శ్రవ్య కార్యక్రమం మొదలైంది. కదిలించేవారు, వణికేవారు అని ఆ పేరుకు రెండర్థాలూ వస్తాయి. సమాజంలో పలుకుబడి గలవారిని ఇంగ్లీషులో అట్లా అంటారు. వణుకును కూడా ఆ మాటలో ఇరికించి తమను తామే పరిహసించుకొన్నారు. పాల్గొన్నవారు ఆరుగురు, ఆరుగురూ పార్కిన్సన్స్ ఉన్నవారే. రోరీతో పాటు, మంత్రులను సైతం నీళ్ళు నమిలించిన టెలివిజన్ ప్రశ్నకర్త జెరెమీ పాక్స్‌మన్, రాజకీయ విలేఖరి మార్క్ మార్డెల్, హాస్య నాటికల రచయిత పాల్ మేహ్యూ ఆర్చర్, హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన నికొలస్ మాస్టిన్, గిలియన్ లేసీ సోలిమార్. ఈమె కూడా ఒకప్పటి బి.బి.సి. వ్యాపార విలేఖరియే. లండన్‌లోని నాటింగ్ హిల్ ప్రాంతంలో ఒక పానశాలలో కూర్చొని వారు మాట్లాడుకొనేవారు. మన ఊళ్ళలో రచ్చబండ మీద పెద్దలు కూర్చొన్నట్లే.

వారి సంభాషణలో గంభీరమైన వైద్యవిషయాలుంటాయి, మలబద్ధకం గురించిన పరిహాసాలూ ఉంటాయి. పాక్స్‌మన్ వ్యాధి బయటపడిన వైనం చెప్పుకోదగినది. ఆయన జారిపడి ఆసుపత్రిలో చేరారు. అక్కడ ఒక వైద్యుడు వచ్చి మీకు పార్కిన్సన్స్ ఉన్నట్లుందని అన్నాడు. పాక్స్‌మన్ నిర్వహించే ప్రశ్నోత్తర కార్యక్రమాన్ని టెలివిజన్‌లో చూస్తున్న ఆ వైద్యుడికి, ఆయన ముఖంలో మునుపటి ఉత్సాహం తగ్గినట్లు తోచింది. వీధిలో నడకను చూసి రోగిని గుర్తించిన జేమ్స్ పార్కిన్సన్‌కు ఈ వైద్యుడు నిజమైన వారసుడు.

2022 డిసెంబరులో రోరీ ఇంటికి రొమేనియా దేశం నుండి ఒక అనాథ కుక్క వచ్చింది. దాని పేరు సోఫీ. మనుషులను చూస్తేనే హడలిపోయి సోఫా వెనుక దాక్కున్నది. దానికి ధైర్యం రావడానికి నెలలు పట్టింది. ఆ నిదానమైన మార్పును ఆయన రోజువారీగా రాస్తుంటే వేలాదిమంది ఆత్రంగా చదివారు. కుక్క కథ కోసం వచ్చినవారిలో ఎందరో పార్కిన్సన్స్ గురించి కూడా తెలుసుకొని వెళ్ళారు. పాఠకుడిని రాబట్టే విద్య పాత పాత్రికేయుడికి ఎవరూ నేర్పనక్కరలేదు.

2024 ఏప్రిల్ 11న ఈ మిత్రబృందం బ్రిటన్ ప్రధాని నివాసానికి ఒక వినతిపత్రాన్ని తీసుకొని వెళ్ళింది. దానికి 'పార్కీ చార్టర్' అని పేరు పెట్టారు. అందులోని కోరికలు ఐదు. కుటుంబ వైద్యుడు సూచించిన 18 వారాలలోపు నిపుణుడు రోగిని చూడాలన్నది మొదటిది. నిర్ధారణ జరిగిన వెంటనే వ్యాధి గురించిన సమాచారం అందాలన్నది మరొకటి. ఎందుకంటే చాలామందికి ఆ భయంకరమైన మాట చెప్పి, ఆరు నెలల తరువాత రమ్మని పంపివేస్తారు. ఆ ఆరు నెలలు రోగి ఒంటరిగా చీకటిలో తడుములాడుతాడు. సమగ్రమైన సంరక్షణ, నివారణోపాయం కోసం పరిశోధనకు నిధులు తరువాతి కోరికలు. మిగిలినది పార్కిన్సన్స్ పాస్‌పోర్టు. రోగికి రావలసిన సదుపాయాలను ప్రతిచోటా నిరూపించుకొనే పాట్లు లేకుండా అది చేస్తుంది. ఉచితంగా మందులు పొందే హక్కు కూడా అందులో భాగం.

ఈ ఉచిత మందుల సంగతి కొంత వివరంగా చూడాలి. ఆర్థిక విలేఖరి పట్టుకోదగిన వార్త అందులో ఉంది. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో వైద్యుడు రాసిన మందులు అందరికీ ఉచితం. ఇంగ్లండ్‌లో మాత్రం రుసుము చెల్లించాలి. 2024 మే నాటికి ఒక్కొక్క మందుకు 9.90 పౌండ్లు. ఏడాదికి సరిపడా ఒకేసారి చెల్లించే వీలున్నది కాని, చెల్లించడం తప్పదు. 60 ఏళ్ళు దాటినవారికి మినహాయింపు ఉంది. పార్కిన్సన్స్ ముసలివారి జబ్బు కదా, ఇంక చిక్కేమిటని అనిపించవచ్చు. చిక్కు అక్కడే ఉంది. ముప్ఫై, నలభై ఏళ్ళ వయస్సులోనే వ్యాధికి చిక్కినవారు ఉన్నారు. పిల్లల చదువులు, ఇంటి అప్పు మీద ఉన్నవారు వారే. ఉద్యోగం ఎన్నాళ్ళు నిలుస్తుందో తెలియనివారు వారే. మందుకు వెల చెల్లించవలసినవారూ వారే.

కొన్ని దీర్ఘవ్యాధులకు వయస్సుతో నిమిత్తం లేకుండా మినహాయింపునిచ్చే పట్టిక ఒకటి ఇంగ్లండ్‌లో ఉంది. మధుమేహానికి మందులు వాడేవారు, మూర్ఛరోగులు, థైరాయిడ్ గ్రంథి లోపం గలవారు అందులో ఉన్నారు. ఆ పట్టికను 1968లో తయారు చేశారు. కోట్జియాస్ తన రోగులను లేపి నడిపించినది అంతకు ముందు ఏడాదే. లెవోడోపా ఇంకా ఔషధ దుకాణాలకు చేరలేదు. జీవితాంతం వాడవలసిన మందు అనేది ఆనాడు ఈ వ్యాధికి లేనేలేదు కనుక పట్టికలో చోటు లభించకపోవడంలో వింత లేదు. తరువాత 2009లో క్యాన్సర్‌ను అందులో చేర్చారు. మందు వచ్చి అర్ధశతాబ్దం దాటినా, వినతిపత్రం ప్రధాని నివాసం చేరిన 2024 నాటికి కూడా పార్కిన్సన్స్ ఆ పట్టికకు ఎక్కలేదు.

అభ్యాసం

అ) కింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. కంటతడి వేరు, కొలువు ఇవ్వడం వేరు.
2. రోగిగా ఆశపడ్డారు, విలేఖరిగా సందేహించారు.
3. ఇది నిర్లక్ష్యం కన్నా అజ్ఞానం వల్ల జరిగే అపకారం.

ఆ) వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. రోరీ కెల్లన్ జోన్స్ తన వ్యాధిని వెల్లడించిన సందర్భాన్ని వివరించి, మైకేల్ కిన్‌స్లీ అనుభవంతో పోల్చండి.
2. ఇంగ్లండ్‌లోని మినహాయింపు పట్టికలో పార్కిన్సన్స్‌కు చోటు లేకపోవడానికి గల చారిత్రక కారణాన్ని చర్చించండి.

ఇ) సంగ్రహ సమాధానాలు రాయండి.
1. లెవోడోపాను వేళ తప్పకుండా ఎందుకు తీసుకోవాలి?
2. జేమ్స్ పార్కిన్సన్ రోగులను ఎట్లా గుర్తించాడు?
3. దూలగొండికీ ఈ వ్యాధి ఔషధానికీ గల సంబంధమేమిటి?

ఈ) మీ ఇంట్లోగాని, మీ వీధిలోగాని దీర్ఘవ్యాధితో జీవిస్తున్న పెద్దవారితో మాట్లాడి, వారి దినచర్యను ఒక వార్తా కథనంగా రాయండి. వారి అనుమతి లేకుండా పేరు రాయకండి.